బిడ్డ వేలు పట్టుకుని వచ్చిన పాఠకులు



ఎవరి జ్ఞాపకార్థం కుటుంబ సభ్యులు నెలకొల్పిన ధర్మనిధి ఉపన్యాసానికి ఇవాళ మనం ఈ శాఖా గ్రంథాలయంలో చేరామో ఆయన వృత్తిరీత్యా గ్రంథపాలకులు. బడిలో ఒక్కరోజైనా పాఠం చెప్పకపోయినా ఊరు ఆయన్ని మాష్టారనే పిలిచింది. ఆయన కాలపు గ్రంథాలయం తలుచుకుంటే యాభై దాటినవాళ్లకు ఒక సంగతి గుర్తుకు రావాలి. సాయంత్రం బడి వదిలాక ఏడెనిమిదేళ్ల పిల్లో పిల్లవాడో గుడ్డసంచీ పట్టుకుని వచ్చేవాళ్లు. సంచీలో యద్దనపూడి సులోచనారాణి నవలో మాదిరెడ్డి సులోచన నవలో ఉండేది. "అమ్మ చదివేసింది, ఇంకోటి ఇమ్మంది" అని బల్లమీద పెట్టేవాళ్లు. ఆ అమ్మ ఏవి చదివిందో, ఇంకా ఏవి చదవాల్సి ఉందో మాష్టారికి కంఠతా వచ్చు. కార్డు మాత్రం నాన్న పేరుమీద ఉండేది. ఊళ్లో అందరికన్నా ఎక్కువ చదివిన మనిషి గ్రంథాలయం గడప తొక్కకుండానే చదివింది. బిడ్డ ఆమెకు పుస్తకాలు మోసింది గానీ, ఆమెను లోపలికి తీసుకురాలేకపోయింది.

ఇవాళ నేను చెప్పబోయే గ్రంథాలయాల్లో ఈ వ్యవహారం తలకిందులైంది. అక్కడ బిడ్డే తల్లిని లోపలికి లాక్కొచ్చింది. పిల్లల పెంపకంలో, అందులోనూ మాటా చదువూ మొలకెత్తే మొదటి అయిదేళ్ల పెంపకంలో, తల్లిదండ్రులకు చేయూతనిచ్చే కార్యక్రమాలను పౌర గ్రంథాలయాలు నడపడం చాలా దేశాల్లో ఉంది. అమెరికాలో ఈ పనికి నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది, తిన్న ఎదురుదెబ్బలూ ఉన్నాయి. అందుకని ఎక్కువసేపు అక్కడే తిరుగుతాను. నా వాదన ముందే చెప్పేస్తాను, మధ్యలో లేచి వెళ్లాల్సినవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఈ కార్యక్రమాలు నిలదొక్కుకున్నది తల్లిదండ్రులకు పాఠం బాగా చెప్పినందువల్ల కాదు. చెప్పడం తగ్గించుకుని, బిడ్డతో సహా వాళ్లు నేలమీద కూర్చునే చోటు ఇచ్చినందువల్ల.

పాత సంగతులు త్వరగా దాటేద్దాం. 1882లో కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో కారొలిన్ హ్యూయిన్స్ అనే గ్రంథపాలకురాలు పిల్లల పుస్తకాల జాబితా ఒకటి అచ్చువేయించారు. అది తల్లిదండ్రులకూ పిల్లలకూ మార్గదర్శి అని అట్టమీదే వేశారు. అంటే పెద్దలు మొదట్నుంచీ లెక్కలో ఉన్నారన్నమాట. 1887లో బోస్టన్‌లో చార్లెస్ బర్ట్‌వెల్ అనే సంఘసేవకుడు పేదవాడల్లో ఇంటి గ్రంథాలయాలు మొదలుపెట్టాడు. చిన్న పెట్టెలో కొన్ని పుస్తకాలు సర్ది ఒక పిల్లవాడి ఇంట్లో ఉంచేవాళ్లు. ఇరుగుపొరుగు పిల్లలు పదిమంది దాకా అక్కడ చేరేవాళ్లు. వారానికోసారి ఒక కార్యకర్త వచ్చి చదివి, ఆడించి వెళ్లేవారు. తర్వాత పిట్స్‌బర్గ్ వంటి చోట్ల గ్రంథాలయాలే ఈ పద్ధతిని అందుకున్నాయి. చదివింది పిల్లల కోసమే అయినా, ఆ ఇరుకు ఇళ్లలో పొయ్యి దగ్గరున్న తల్లి చెవిన పడకుండా ఎలా ఉంటుంది?

ఒహాయో రాష్ట్రంలో యంగ్స్‌టౌన్ అని ఉక్కు కొలుముల పట్టణం. అక్కడి గ్రంథాలయాధికారి క్లారెన్స్ సమ్నర్ 1935లో తల్లుల గది అని ఒకటి తెరిచాడు. బడి ఈడు రాని పిల్లలున్న తల్లులు వచ్చి బొమ్మల పుస్తకాలు చూసుకోవచ్చు, ఏది ఎలా చదివి వినిపించాలో అడిగి తెలుసుకోవచ్చు. మరుసటి ఏడాది దానిమీద ఒక పుస్తకం కూడా రాశాడు. అదే 1935లో మన డెల్టాలో పాతూరి నాగభూషణంగారు కొల్లిపరకూ పెదవడ్లపూడికీ మధ్య కాలువలో పడవమీద గ్రంథాలయం నడిపారు. ఎవరు గొప్ప అని తూకం వేయడానికి ఈ రెండూ చెప్పడం లేదు. అక్కడా ఇక్కడా ఒకే ప్రశ్న ఎదురైంది: రానివాళ్లను చేరుకోవడం ఎలా? మనవాళ్లు పుస్తకాన్ని కదిలించారు. వాళ్లు గదిని మార్చారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు గ్రంథాలయాల్లో కథలు చెప్పడం మామూలైపోయింది. ఆ రోజుల్లో తల్లుల్ని గదిలోకి రానిచ్చేవారు కాదు. అమ్మ లేకుండా పదిమందిలో కూర్చోవడం అలవాటైతే బడికి సిద్ధమైనట్టేనని నమ్మకం. లోపల గ్రంథపాలకురాలు కథ చెబుతుంటే తల్లి బయట బెంచీమీద పత్రిక తిరగేస్తూ ఉండేది. బిడ్డ విన్న కథేమిటో ఆమెకు తెలియదు. ఇంటికెళ్లి మళ్లీ చెబుదామన్నా కుదరదు.

ఈ ఏర్పాటును చెడగొట్టినవాడు రెండేళ్లవాడు. వాణ్ని తలుపు ఇవతల అమ్మ, అవతల కథ అని విడదీస్తే గ్రంథాలయం దద్దరిల్లేలా ఏడుస్తాడు. అమ్మను రానిస్తే ఒళ్లో కూర్చుని వింటాడు. మూడేళ్లలోపు పసివాళ్లకూ కథాసమయం పెట్టాలని గ్రంథపాలకులు అనుకున్న 1970లు, 80లలో తల్లులకు తలుపు తీయక తప్పలేదు. ఏ కమిటీ తీర్మానమూ ఆ గడియ తీయలేదు, వాడి ఏడుపు తీసింది. తల్లి లోపలికి వచ్చాక ఇన్నాళ్లూ తోచని లెక్క ఒకటి తోచింది. వారానికి 168 గంటలు. అందులో గ్రంథపాలకురాలి చేతిలో ఉన్నది అరగంట. ఆ అరగంటలో బిడ్డకు ఎంత నేర్పినా ఎంతని? పక్కన కూర్చున్న మనిషికి అదే అరగంటలో ఒక పాటో, పుస్తకం చదివే ఒడుపో పట్టుబడితే వారమంతా పనిచేస్తుంది.

ఇక లాంగ్ ఐలండ్ వెళ్దాం. న్యూయార్క్ నగరానికి తూర్పున సెంటరీచ్ అనే ఊళ్లో మిడిల్ కంట్రీ పబ్లిక్ లైబ్రరీ ఉంది. యుద్ధం తర్వాత పెరిగిన శివారు ప్రాంతాలన్నిటిలాగే అదీ. నగరం వదిలి వచ్చిన యువ దంపతులు, పొద్దున్నే పనికి వెళ్లిపోయే భర్త, ఇంట్లో పసిబిడ్డతో భార్య, పిలిస్తే పలికే దూరంలో అమ్మా అత్తా లేని బతుకు. అక్కడ 1979లో తల్లీ బిడ్డల కార్యశాల మొదలైంది. పిల్లల విభాగంలో పనిచేసిన శాండ్రా ఫైన్‌బర్గ్ దాన్ని పెంచి పోషించారు. తర్వాత ఆమే ఆ గ్రంథాలయానికి అధిపతి అయ్యారు.

కార్యశాల అంటే కుర్చీలు, బోర్డు, ప్రసంగం ఊహించుకోకండి. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలు, వెంట అమ్మ గానీ నాన్న గానీ పెంచే మరెవరైనా గానీ, వారానికోసారి చొప్పున అయిదు వారాలు వస్తారు. గది నిండా చాపలు, వాటిమీద విడివిడిగా రకరకాల ఆటసామాను. ఒకచోట చెక్క దిమ్మలు, ఒకచోట రంగులు, ఒకచోట బొమ్మ వంటపాత్రలు, ఒకచోట పుస్తకాలు. ఎటు వెళ్లాలో బిడ్డ ఇష్టం. పెద్దలు బిడ్డ వెంట వెళ్లి నేలమీద కూర్చోవాలి. అంతే పని. ప్రతి వారం ఒక నిపుణురాలు వస్తుంది. ఒక వారం పోషకాహారం తెలిసినావిడ, ఒక వారం మాట విషయం చూసే స్పీచ్ థెరపిస్టు, ఇంకో వారం పిల్లల ఎదుగుదల చదువుకున్నావిడ. వాళ్లకు వేదిక లేదు. వాళ్లూ చాపలమీద ఒక్కొక్కరి పక్కన కాసేపు చతికిలబడి కబుర్లు చెబుతారు. చివర పదినిమిషాలు అందరూ గుండ్రంగా చేరి పాటలు, చేతివేళ్ల ఆటలు.

ఈ పద్ధతిలోని తెలివి చూడండి. రెండేళ్లు దాటినా రెండు మాటలు కలపని పిల్లవాడున్న తల్లి ఉందనుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లి అడగాలంటే భయం, అడిగితే బిడ్డకు ఏదో పేరు పెడతారని. అత్తింట్లో అంటే తప్పు తనదంటారని ఇంకో భయం. ఇక్కడ ఆమె దిమ్మమీద దిమ్మ పెడుతూ పక్కనున్నావిణ్ని మాటవరసకు అడిగేస్తుంది. ఆవిడ కంగారు పెట్టకుండా బిడ్డను కాసేపు చూసి, అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదలలో జాప్యం ఉంటే తొలిదశలోనే సాయం అందించేందుకు అమెరికాలో 1986లో చట్టం వచ్చింది. చట్టం ఉండటం ఒకటి, అక్కడిదాకా తల్లి కాళ్లు కదలడం ఒకటి. ఆ మధ్య దూరాన్ని చాలామందికి ఇలాంటి చాపలే తగ్గించాయి.

ఇదే పని సంక్షేమశాఖ చేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. 'మీకు పిల్లల్ని పెంచడం రాదని మా దగ్గర ఫైలుంది, రండి' అన్నట్టుంటుంది. గ్రంథాలయానికి ఎవరు ఎందుకు వచ్చారో ఎవరికీ తెలియదు. ఆదాయ ధ్రువీకరణ పత్రం అడగరు. వకీలు భార్య, హోటల్లో గిన్నెలు కడిగే మనిషి పక్కపక్కనే కూర్చుంటారు, ఇద్దరి పిల్లలూ ఒకే ఎర్ర దిమ్మ కోసం జుట్లు పట్టుకుంటారు. కొట్లాట విడదీసే వంకతో ఇద్దరు తల్లులకూ స్నేహం కలుస్తుంది. అయిదు వారాలయ్యాక నిపుణులు చెప్పింది ఎంత గుర్తుంటుందో గాని, ఆ స్నేహం నిలుస్తుంది. నన్నడిగితే అదే అసలు ఫలితం. నివేదికల్లో రాయడానికి మాత్రం వీలుకాదు.

1996లో లైబ్రరీస్ ఫర్ ది ఫ్యూచర్ అనే సంస్థ చెయ్యి కలపడంతో ఈ పద్ధతి ఫ్యామిలీ ప్లేస్ అనే పేరుతో ఇతర ఊళ్లకు పాకింది. ఇప్పుడు ఆ దేశంలో వందల గ్రంథాలయాల్లో నడుస్తోంది. చేరదలచిన గ్రంథాలయం తన సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి, పిల్లల గదిని మార్చుకోవాలి. ఒక చిన్న మార్పు నాకు బాగా నచ్చింది. పెంపకం మీద పెద్దలు చదివే పుస్తకాలను పెద్దల విభాగం నుంచి తీసి పిల్లల గదిలోనే పెడతారు. నడక నేర్చిన బిడ్డను వదిలి పై అంతస్తుకు వెళ్లి పుస్తకం వెతుక్కోగల తల్లి లోకంలో లేదు కదా. వర్గీకరణ పుస్తకాల నీతి, చేతికందడం మనుషుల నీతి. ఈ రెండూ తగవు పడితే మనుషుల పక్షం వహించమనే మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు కూడా చెప్పి ఉండేవారని నా నమ్మకం.

ఇంకో పాయ శాస్త్రం వైపు నుంచి వచ్చింది. 2000లో అమెరికాలో పఠనంమీద ఒక జాతీయ సంఘం పెద్ద నివేదిక ఇచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని అమెరికా గ్రంథాలయ సంఘంలోని రెండు విభాగాలు, ఒకటి పౌర గ్రంథాలయాలది, మరొకటి పిల్లల సేవలది, 'ఎవ్రీ చైల్డ్ రెడీ టు రీడ్' అనే కార్యక్రమాన్ని తయారుచేశాయి. గ్రోవర్ వైట్‌హర్స్ట్, క్రిస్టఫర్ లోనిగన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సాయం చేశారు. కొన్ని గ్రంథాలయాల్లో ప్రయోగించి చూశాక 2004 నాటికి దేశమంతటికీ అందించారు. మొదటి రూపంలో ఆరు నైపుణ్యాలు ఉండేవి: పుస్తకమంటే ఇష్టం, పదసంపద, అచ్చు ఎటునుంచి ఎటు చదవాలన్న ఎరుక, కథనశక్తి, అక్షరాల గుర్తింపు, మాటలోని ధ్వనులను విడదీసి వినగలగడం. ఆరూ నిజమైనవే. కానీ ఈ జాబితా చేతికిస్తే తల్లి ఏం చేస్తుంది? బిడ్డను పరీక్ష చేయడం మొదలుపెడుతుంది. 2011లో వచ్చిన రెండో కూర్పులో వాటి స్థానంలో అయిదు పనులు ముందుకు వచ్చాయి: మాట్లాడటం, పాడటం, చదవడం, రాయడం, ఆడటం. నైపుణ్యం బిడ్డలో ఉందో లేదో వెతకాలి. పని అలా కాదు, ఇద్దరూ కలిసి చేసేది. నివేదికల భాష నుంచి వంటింటి భాషకు దిగిరావడానికి గ్రంథాలయ సంఘానికి ఏడేళ్లు పట్టింది. ప్రభుత్వాలతో పోలిస్తే ఇది తొందరే.

తల్లిదండ్రుల్ని మాత్రమే పిలిచి ఉపన్యాసం పెడితే వచ్చేవాళ్లు తక్కువని గ్రంథపాలకులకు త్వరలోనే తెలిసింది. చంటిబిడ్డ ఉన్నవాళ్లకు సాయంత్రం ఆరింటికి ప్రసంగం వినే ఓపిక ఎక్కడిది? (మీరు వచ్చారు, సంతోషం. మీలో ఎక్కువమంది తాతయ్యలు.) అందుకని పాఠాన్ని కథలోనే కలిపేశారు. కథ మధ్యలో పుట తిప్పేముందు పిల్లల తలలమీదుగా పెద్దల వైపు చూసి ఒక్క వాక్యం అంటారు. 'పాటలో మాట సాగుతుంది కదా, అప్పుడు అందులో ఎన్ని ముక్కలున్నాయో పిల్లలకు వినబడుతుంది, రేపు అక్షరాలు కూడబలుక్కునేటప్పుడు అదే పనికొస్తుంది.' అంతే, మళ్లీ కథలోకి. అరగంటలో ఇలాంటివి రెండు మూడు మించితే కథ చెడుతుంది, పెద్దలకు చురుక్కుమంటుంది. ఏ వాక్యం ఎప్పుడు వేయాలో తెలియడం ఒక విద్య. హరికథలో భాగవతార్ కథ ఆపి పిట్టకథ వేసి మళ్లీ తాళం అందుకోవడంలో ఉన్న నేర్పు లాంటిది.

వైట్‌హర్స్ట్ బృందం 1988లోనే మరో సంగతి చూపించింది. చదివేటప్పుడు పెద్దలు ప్రశ్నలు అడుగుతూ, బిడ్డ చెప్పినదానికి ఒక మాట జోడిస్తూ, క్రమంగా కథ చెప్పే పని బిడ్డకు వదిలేస్తే భాష త్వరగా పెరుగుతుందని. 'అదేమిటి? కుక్క. ఏ రంగు కుక్క? అది ఎందుకు పరిగెడుతోంది?' ఇది చెబితే అర్థమవుతుంది, చూస్తే అలవాటవుతుంది. గ్రంథపాలకురాలు చేసి చూపిస్తుంటే పక్కనున్న తండ్రి ఇంటికెళ్లి చేస్తాడు. కరపత్రం చదివి చేసేవాళ్లు అరుదు.

ఇప్పటిదాకా మెచ్చుకున్నాను. ఇక చురక. 1995లో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే పరిశోధకులు ఒక పుస్తకం ప్రచురించారు. కాన్సస్ సిటీలో 42 కుటుంబాల ఇళ్లకు నెలనెలా వెళ్లి బిడ్డతో పెద్దలు ఎంత మాట్లాడుతున్నారో రికార్డు చేశారు. పేద ఇంటి బిడ్డకూ ఉన్నత వృత్తుల ఇంటి బిడ్డకూ మధ్య వినే మాటల తేడా తొలి మూడు నాలుగేళ్లలో మూడు కోట్లకు చేరుతుందని లెక్కగట్టారు. ఆ అంకె దావానలంలా వ్యాపించింది. గ్రంథాలయాల పోస్టర్ల మీదికీ ఎక్కింది. ఆ 42 కుటుంబాల్లో ప్రభుత్వ సాయంమీద బతికేవి ఆరే. ఆరు ఇళ్లను చూసి ఒక దేశపు పేద తల్లులందరికీ నోరు లేదని తేల్చేశారు. 2018లో డగ్లస్ స్పెర్రీ, ఇతర పరిశోధకులు వేరే సముదాయాల్లో చూస్తే ఆ తేడా అలా కనబడలేదు. తల్లి ఒక్కతే బిడ్డతో నేరుగా అన్న మాటల్నే కాకుండా, అమ్మమ్మ, మేనత్త, అన్నదమ్ములు, పక్కింటివాళ్లు చుట్టూ మాట్లాడుకునేదంతా లెక్కలోకి తీసుకుంటే బొమ్మ మారిపోయింది.

మన ఇళ్లు తెలిసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కాదు. అరుగుమీద నలుగురు పెద్దలు, నలభై కబుర్లు, మధ్యలో పాకే బిడ్డ. ఏ రికార్డరు పెట్టి కొలుస్తారు? పేదవాళ్లకు పెంచడం రాదన్న ఊహతో మొదలయ్యే తల్లిదండ్రుల విద్య విద్య కాదు, తనిఖీ. గ్రంథాలయం ఆ మెట్టుమీద కాలు వేసిన ప్రతిచోటా తల్లులు మెల్లగా రావడం మానేస్తారు. వాళ్లేమీ పోట్లాడరు. రారు, అంతే.

ఇంగ్లండులో దారి వేరు. 1992లో బర్మింగ్‌హామ్‌లో బుక్‌స్టార్ట్ మొదలైంది. వెండీ కూలింగ్ అనే ఆవిడ ఊహ అది. గ్రంథాలయం, ఆరోగ్యశాఖ, విశ్వవిద్యాలయం కలిసి 300 మంది పసిపాపలతో ప్రారంభించాయి. ఏడు నుంచి తొమ్మిది నెలల మధ్య బిడ్డను పరీక్షించే ఆరోగ్య కార్యకర్త చేతనే ఒక బొమ్మల పుస్తకం, గ్రంథాలయంలో చేరే కాగితం ఉన్న సంచీ ఇప్పించారు. జపాన్‌లో 2000లో టోక్యోలోని సుగినామి వార్డులో ఇదే పద్ధతిని ప్రయోగించారు. వాళ్లు ఒక మెరుగు దిద్దారు. సంచీ చేతికిచ్చి పంపకుండా, అక్కడికక్కడే ఒక్కో బిడ్డకూ తల్లి ఎదుట పుస్తకం చదివి చూపిస్తారు. నెలల బిడ్డ పుస్తకం వైపు కళ్లు తిప్పడం, బొమ్మను తట్టడం తల్లి తన కళ్లతో చూస్తుంది. ఇక ఆమెకు ఎవరూ ఏమీ నిరూపించక్కర్లేదు.

ఈ ప్రసంగానికి ఒప్పుకున్నప్పటి నుంచీ నేను తప్పక చెప్పాలనుకున్నది జైలు సంగతి. న్యూయార్క్ నగరపు రైకర్స్ ఐలండ్ నదిలో ఒక దీవి, దానిమీద జైళ్లు. అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది శిక్ష పడినవాళ్లు కాదు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్లు అక్కడ 'డాడీ అండ్ మీ' అని ఒకటి నడిపారు. తండ్రులతో కూర్చుని పిల్లలకు చదివి వినిపించడం ఎందుకో, ఎలాగో మాట్లాడతారు. ఎవరి బిడ్డకు ఏ పుస్తకం నచ్చుతుందో ఎవరికి వాళ్లే ఎంచుకుంటారు. ఆ పుస్తకాన్ని తండ్రి గొంతుతో చదివించి రికార్డు చేసి ఇంటికి పంపుతారు. చిన్నప్పుడు తనకు ఎవరూ చదివి వినిపించని మనిషి, తన గొంతు తనకే కొత్తగా వినబడుతుంటే, ఎలుగుబంటి కోసం గొంతు మార్చాలా వద్దా అని తోటి ఖైదీని అడుగుతాడు.

బ్రూక్లిన్ గ్రంథాలయం వేరే సంస్థ. వాళ్లు 2014లో టెలిస్టోరీ తెచ్చారు. రైకర్స్‌కు ఉన్నది ఒకే వంతెన. బస్సులు మారి, సోదాలు దాటి, గంటలు వేచి ఉంటే గాని తండ్రి ముఖం కనబడదు. చంటిపిల్లతో ఆ ప్రయాణం మాటలు కాదు. అందుకని కుటుంబం తన పేటలోని శాఖా గ్రంథాలయానికే వస్తుంది. అక్కడ తెరమీద తండ్రి. ఇటు ఒక పుస్తకం, అటు అదే పుస్తకం. తండ్రి చదువుతుంటే ఇక్కడ బిడ్డ పుట తిప్పుతుంది. ఇది ములాఖత్ కాదా అంటే అవును. మామూలు ములాఖత్‌లో పెద్దలకు కేసు కబుర్లు, డబ్బు కబుర్లు ఉంటాయి, బిడ్డకు మాట్లాడేందుకు ఏమీ ఉండదు. పుస్తకం ఉంటే ముగ్గురికీ ఒక పని దొరుకుతుంది. జైల్లో ఉన్నవాడికి పెంపకం నేర్పడమేమిటని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు. తండ్రిగా ఉండటానికి మంచి నడవడిక పత్రం తెమ్మని బిడ్డ అడగదు, గ్రంథాలయమూ అడగలేదు. అందుకే ఈ పని గ్రంథాలయానికే తగినదని నేనంటాను.

మనవాళ్లు కూడా ఈ కథలో ఉన్నారు. భర్త ఉద్యోగం వల్ల అమెరికా వెళ్లిన తెలుగు అమ్మాయిల్లో చాలామందికి 2015 దాకా అక్కడ పనిచేసే అనుమతే లేదు, ఆ తర్వాతా అందరికీ రాలేదు. ఇంజనీరింగ్ చదివి, బిడ్డతో నాలుగు గోడల మధ్య ఉన్న అమ్మాయికి ఊళ్లో పైసా ఖర్చు లేకుండా వెళ్లి కూర్చోగలిగే చోటు గ్రంథాలయం. పురుడు పోయడానికి వెళ్లిన అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా మనవణ్ని స్ట్రోలర్‌లో పెట్టుకుని కథాసమయానికి పోతారు. ఇంగ్లీషు రాకపోతేనేం, పాటకు చేతులు తిప్పడం ఎవరూ నేర్పక్కర్లేదు. అరచేతిలో పప్పు రుబ్బి, వేళ్లకు తలో ముద్దా పెట్టి, చేతిమీదుగా పాకుతూ వెళ్లి చంకలో చక్కిలిగింత పెట్టడం ఈవిడకు తరతరాల విద్య. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే బిడ్డ బళ్లో వెనకబడుతుందని ఒకప్పుడు సలహాలిచ్చేవాళ్లు ఉండేవారు. గ్రంథపాలకులు ఇప్పుడు అందుకు తిరగేసి చెబుతారు. మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, అందులోనే పాడండి, మాట ఒక భాషలో పండితే రెండో భాషకు విత్తనమవుతుంది అని. మనవాళ్లు ఎక్కువగా ఉన్న కొన్ని ఊళ్లలో స్వచ్ఛందంగా తెలుగు కథాసమయాలు కూడా జరుగుతున్నాయి. సొంత ఊళ్లో శాఖా గ్రంథాలయం ఎక్కడుందో తెలియని అమ్మాయి అక్కడ తెలుగు పుస్తకం అడిగి తెప్పించుకుంటోంది.

మరి ఇక్కడ? మనకు చట్టం కొరత లేదు. మద్రాసు చట్టం 1948లో, హైదరాబాదు చట్టం 1955లో, రెంటినీ కలిపిన ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో వచ్చాయి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయానికి సెస్సు కింద కడుతున్నాం, అంటే చంటిబిడ్డ ఉన్న ఇల్లూ కడుతోంది. ఆ ఇంటికి తిరిగి ఏమిస్తున్నాం? పఠన మందిరంలోకి వెళితే పొద్దున పత్రికలు చదివే పెద్దలు, పగలంతా గ్రూప్స్‌కూ, కానిస్టేబుల్ పరీక్షకూ కూర్చునే యువకులు కనబడతారు. వాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. ఇంట్లో చదువుకునే చోటు లేని పిల్లలకు ఆ బల్లే దిక్కు. అయితే వాళ్లకు నిశ్శబ్దం కావాలి. రెండేళ్లవాడు ఉన్నచోట నిశ్శబ్దం ఉండదు. వేళలు వేరుచేయాలి, లేదా వరండా వాడుకోవాలి.

తెలుగు తల్లిదండ్రులను ఒక సంస్థ పిలిచి కూర్చోబెట్టే సందర్భం ప్రస్తుతం ఒక్కటే, బడిలో పేరెంట్స్ మీటింగ్. అక్కడ వినేది మార్కులు, ఫీజు బకాయి. అందుకని బిడ్డ విషయం మాట్లాడదాం రండి అనగానే మన తల్లులు సగం నేరం ఒప్పుకున్న ముఖంతో వస్తారు. ఆ ముఖం విప్పారడానికే మొదటి రెండు వారాలు పడుతుంది. తొందరపడకూడదు.

సిలబస్ దిగుమతి చేసుకోమని నేననను. అయిదు పనుల్లో మాట, పాట, ఆట మనకు ఉన్నవే. తారంగం, కాళ్లాగజ్జె, దాగుడుమూతలు ఏ శాస్త్రవేత్త కనిపెట్టినవీ కావు. ఇప్పుడు వాటి చోటును ఫోన్ ఆక్రమిస్తోంది. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి ఫోన్ ఇచ్చే తల్లికి ఆ సంగతి తెలియదనుకోకండి, ఆమె వాట్సాప్‌లోనే వచ్చి ఉంటుంది. చేతిలోంచి ఫోన్ తీయమంటే ఆ చేతిలో ఇంకొకటి పెట్టాలి. మంచి పుస్తకం వాళ్లవి, తూలిక వాళ్లవి బొమ్మల పుస్తకాలు తెలుగులో దొరుకుతున్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో కథలు ఉచితంగా తీసుకుని అచ్చువేసుకోవచ్చు. చదువురాని అమ్మమ్మ కోసం అక్షరాలే లేని బొమ్మల కథలు కూడా కొనాలి. ఆవిడ పుస్తకం తిరగేసి సొంతంగా కథ అల్లితే బిడ్డకు లోటేమీ లేదు.

వాళ్లను చేరుకునే దారి కూడా సిద్ధంగా ఉంది. అంగన్‌వాడీ కేంద్రంలో కూర్చునేది మూడేళ్లు నిండిన పిల్లలు. అంతకన్నా చిన్నవాళ్లు ఇళ్లలో ఉంటారు. కానీ తొమ్మిదో నెలలో మీజిల్స్-రుబెల్లా టీకాకు తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని వస్తారు. బర్మింగ్‌హామ్ వాళ్లు ఎంచుకున్న వయసు కూడా ఇంచుమించు అదే. టీకా వేసిన ఏఎన్ఎమ్మో, వెంట ఉండే ఆశా కార్యకర్తో ఆ రోజే ఒక పుస్తకం చేతికిచ్చి, ఫలానా రోజు గ్రంథాలయానికి రమ్మని ఒక్క మాట అంటే చాలు. ఆమె చెబితే తల్లులు వింటారు. మనం గోడకు అంటించే పోస్టరుకు ఆ పలుకుబడి లేదు.

అసలు చిక్కు మనిషి. చాలా శాఖల్లో తాళం తీసేదీ, పత్రికలు పరిచేదీ, రిజిస్టరు రాసేదీ ఒక్కరే. వాళ్ల నెత్తిన ఇంకో పని పెట్టి చప్పట్లు కొట్టడం నాకిష్టం లేదు. రిటైరైన అంగన్‌వాడీ టీచర్లు, ప్రాథమిక పాఠశాల టీచర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పిల్లల డాక్టరు రెండు నెలలకోసారి గంటసేపు చాపమీద కూర్చోవడానికి ఒప్పుకోకపోరు, మైకు ఇవ్వకపోతే.

ఈ ధర్మనిధి కుటుంబంతో నిన్న ఒక మాట అనుకున్నాం. ఏటా ఉపన్యాసకుడికి ఇచ్చే శాలువా, జ్ఞాపిక, నూరు రూపాయల పూలదండ ఈసారి వద్దన్నాను. ఆ డబ్బుకు కొంత కలిపి వాళ్లు ఏటికొప్పాక నుంచి లక్కబొమ్మలు తెప్పిస్తున్నారు. సహజరంగులు అద్దినవే చూసి తెమ్మన్నాను, ఎందుకంటే ఈ వయసువాళ్లు బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటారు. చాపలు ఇక్కడివే ఉన్నాయి. వచ్చే నెల రెండో శనివారం ఉదయం పదింటికి ఈ వరండాలోనే మొదటి కూటమి. లోపల పరీక్షలకు చదువుకునేవాళ్లను అడిగాం, ఆ గంటన్నర సర్దుకుంటామన్నారు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇళ్లవాళ్లు ఎవరైనా రావచ్చు. ముందుగా పేరు ఇవ్వక్కర్లేదు, కార్డు ఉండక్కర్లేదు.